చెప్పే ఉంటారులే

ఆసుపత్రి లాండ్రీ వెనక గది,
సోమవారం.

తాడు పట్టే పెద్దమనిషి గారికి నమస్కారం.

నేనెవరో మీకు తెలియదు. నీళ్ళలో పోయిన కుర్రాడి తల్లిని అంటే తెలుస్తుంది. మావాడి సామాన్ల పెట్టె మీద పంపినవారి చోట మీ చిరునామా ఉంది. పేరు కింద ‘తాడు పట్టే మనిషి’ అని ఉద్యోగం కూడా రాశారు. అది చూశాక గుర్తొచ్చింది. ఒకసారి మావాడు అన్నం తింటూ తింటూ నవ్వుకుంటుంటే, ఏంట్రా అని అడిగాను. “మా తాడు మావయ్య గుర్తొచ్చాడమ్మా” అన్నాడు. ఎవరో తాళ్ళమ్ముకునే ఆయన కాబోలు అనుకున్నాను. ఆ మావయ్య మీరేనా?

నేను ఐదో తరగతి దాకా చదివాను. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

మావాడు నాతో జలాశయం ఆఫీసులో నీళ్ళ మట్టం రాసే ఉద్యోగమని చెప్పాడు. మట్టం రాసేవాడు గట్టు మీద కదా ఉండాలి, అడుగున ఎందుకున్నాడు? పెట్టెలో నల్లటి రబ్బరు చొక్కా ఉంది. రబ్బరు చేతొడుగులున్నాయి, వేళ్ళ చివర్లు అరిగిపోయి. ఎంత రుద్దితే రబ్బరు అరుగుతుందండీ?

ఆఫీసు కాగితం కూడా అందులోనే పెట్టారు. ‘సదరు కార్మికుడు సిబ్బందిలో ఎవరికీ తెలియజేయకుండా నీటిలోకి దిగినందున ప్రమాదం సంభవించినది’ అని ఉంది. సదరు అంటే ఏంటని మా సూపర్వైజరమ్మని అడిగితే, కాసేపు నా మొహం చూసి, “మీవాడే” అంది.

నాకు ఒక్క సంగతి చెప్పండి. ఇంకేం వద్దు. నా కొడుకు ఎవరికీ చెప్పకుండా దిగాడా?

ఎందుకడుగుతున్నానంటే, వాడు ఇంట్లో నోరు విప్పే రకం కాదు. వాణ్ణి మేం మౌనస్వామి అనేవాళ్ళం. ఆకలేస్తే గిన్నె మూత తీసి చూసేవాడు గానీ ‘అమ్మా, ఆకలి’ అన్న పాపాన పోలేదు. జ్వరమొస్తే దుప్పటి కప్పుకునేవాడు, అది చూసి నేనే నుదురు పట్టుకోవాలి. నేనూ పోనీలే అనుకున్నాను. ఇప్పుడు ఆ కాగితం చదివిన దగ్గర్నుంచీ ఒకటే ముల్లు. చిన్నప్పుడే నాలుగు తగిలించి, చెప్పడం నేర్పి ఉంటే బతికుండేవాడేమో, పెంపకంలో నేనే తప్పు చేశానేమో అని. దుప్పట్లు మడుస్తున్నా అదే, స్నానం చేస్తున్నా అదే.

అవునంటే అవునని రాయండి. తట్టుకుంటాను.

ఇట్లు,
వాడి తల్లి.


ఆనకట్ట కింది క్వార్టర్సు,
బుధవారం.

అమ్మా,

మీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఆ మావయ్యని నేనే. తాళ్ళు అమ్మను, పట్టుకుంటాను.

మీవాడు డైవరమ్మా. ఆరేళ్ళుగా ఆనకట్ట గోడకి నీళ్ళ లోపల పగుళ్ళు ఎక్కడున్నాయో చూసే పని వాడిది. చూసే పని అని మాటవరసకి అంటాం. ఎనిమిది నిలువుల లోతున చెయ్యి చాచితే చెయ్యి కనపడదు. కళ్ళున్నా లేనట్టే. గోడని వేళ్ళతో తడుముకుంటూ అంగుళం అంగుళం చదవాలి. మీరు చూసిన చేతొడుగులు అందుకే అరిగాయి. పైకొచ్చాక కాగితం మీద గోడ బొమ్మ వేసి, ఇక్కడో వెంట్రుకంత బీట, ఇక్కడ గోరు దూరేంత సందు అని గుర్తులు పెట్టేవాడు. రెండేళ్ళ తర్వాత నీళ్ళు దింపి చూస్తే సరిగ్గా అక్కడే ఉన్నాయి. ఇంజనీరు నోరు తెరిచి అలాగే నిలబడిపోయాడు.

మీకెందుకు చెప్పలేదంటారా? “నీళ్ళ అడుగున నాకేం భయం లేదు మావయ్యా, మా అమ్మ ముందే భయం” అనేవాడు. ప్రతి సెలవుకీ ‘ఈసారి చెప్పేస్తాను’ అని బస్సెక్కడం, తిరిగొచ్చి తల గోక్కోవడం.

వాడు లోపలున్నంతసేపూ మాకూ వాడికీ మధ్య తాడొక్కటే. ఒక లాగు లాగితే బాగున్నానని. రెండయితే ఇంకాస్త తాడు వదలమని. మూడయితే పైకొస్తున్నానని. నాలుగైతే ప్రమాదం, లాగెయ్యమని. వాడు ఎన్ని లాగితే నేను అన్ని తిరిగి లాగాలి. అప్పుడే వాడి మాట నాకు చేరినట్టు లెక్క.

మీరు మౌనస్వామి అన్నారు. ఇక్కడ వాడి పేరేంటో తెలుసా? ‘మళ్ళీచెప్పు’. నేను కాదమ్మా పెట్టింది, గేటు గదిలో ఉండే ఆయన పెట్టాడు. వాడు రాకముందు, డైవరు దిగేటప్పుడు నేను గట్టు మీద నుంచే “మనిషి దిగుతున్నాడోయ్” అని కేకేసేవాణ్ణి. కిటికీలోంచి గేటాయన చెయ్యి ఊపేవాడు. అంతే, అయిపోయేది. మీవాడు వచ్చిన మొదటి రోజే, “మావయ్యా, ఆయన చెయ్యి ఊపింది నీకా, కాకికా?” అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని గేటు గదికి నడిచాడు. రెండొందల నలభై అడుగులు. గేటాయన కళ్ళలోకి చూసి “మనిషి నీళ్ళలో ఉంటాడు” అన్నాడు. “సరే” అన్నాడాయన. “సరే కాదన్నా, నేనేం చెప్పానో మళ్ళీ చెప్పు” అన్నాడు. “నేనేమన్నా బడిపిల్లాణ్ణా పాఠం అప్పజెప్పడానికి?” అని ఆయన గయ్యిమన్నాడు. మీవాడు నవ్వుతూ అక్కడే నిలబడ్డాడు. వదల్లేదు. చివరికి ఆయన అప్పజెప్పాడు. అప్పజెప్పడమే కాదు, గేటు తిప్పే ఇనప పిడి ఊడదీసి మా చేతికి ఇవ్వడం కూడా ఆయనకి మీవాడే అలవాటు చేశాడు. డైవరు బయటికొచ్చేదాకా ఆ పిడి నా కాళ్ళ దగ్గర ఉండాలి. పిడి లేందే గేటు కదలదు.

ఇంజనీరునీ వదల్లేదు. “ఎడమవైపు మూడో స్తంభం” అంటే, “ఎటు తిరిగి నిలబడితే ఎడమ సార్?” అనేవాడు. ఆయన విసుక్కుని, వేలు చూపించబోయి, తను అవతలి గట్టు మీద నిలబడి చూస్తున్నట్టు ఎడమ అన్నానని అప్పుడు తెలుసుకుని, నాలిక్కరుచుకున్నాడు.

మీరడిగిన సంగతి. ఆఫీసు వాళ్ళు విచారించి రాశారు. దాని మీద నేను చెప్పేదేం లేదమ్మా.

ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
తాడు పట్టే మనిషి.


లాండ్రీ వెనక గది,
ఆదివారం.

అన్నయ్య గారికి,

మావాడు మిమ్మల్ని మావయ్య అన్నాడంటే మీరు నాకు అన్నయ్యేగా. వాడు కలిపిన వరస. కాదనకండి.

మీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. మడత దగ్గర చిరిగితే అంటించుకున్నాను. మా సూపర్వైజరమ్మకి చదివి వినిపించాను, నాతో జతగా దుప్పట్లు మడిచే ఆవిడకీ వినిపించాను. నేను కన్న పిల్లాడి కథ ఎవరో రాజుగారి కథలా వింటూ కూర్చున్నానన్నయ్యా. ఎనిమిది నిలువుల లోతు నీళ్ళలో, చీకట్లో, గోడని వేళ్ళతో చదవడమేంటి? నేను ఐదో తరగతి పుస్తకం చదవడానికే తడబడేదాన్ని. వీడికి ఆ చదువు ఎవరు నేర్పారు?

తాడు సంగతి మాత్రం నాకు బాగా అర్థమైంది. మా పనీ అంతే. మిషన్ల హోరులో పక్కమనిషి మాట పక్కమనిషికి వినపడదు. దుప్పటి అటుకొస ఆవిడ పడుతుంది, ఇటుకొస నేను. ఎప్పుడు దులపాలి, ఎప్పుడు మడవాలి, ఎప్పుడు నేను ముందుకు నడవాలి, అంతా ఆ గుడ్డలోంచే తెలుస్తుంది. ఆవిడకి ఒంట్లో బాగోలేని రోజు ఆవిడ చెప్పక్కర్లేదు, దుప్పటే చెప్తుంది. పదహారేళ్ళుగా మేం అలాగే మాట్లాడుకుంటున్నాం. మా అమ్మాకొడుకుల మధ్య మాత్రం ఒక గుడ్డముక్కైనా లేకపోయింది.

వాడు చెప్పలేదంటున్నారు. నేను మాత్రం అడిగానా? అడగందే అమ్మయినా పెట్టదంటారు, అడగందే కొడుకు మాత్రం ఎందుకు చెప్తాడు? ఆ అరచేతులు నేను చూశాను. నీళ్ళలో నానినట్టు ముడతలు. ‘ఏంట్రా ఇవి’ అని నోటిదాకా వచ్చింది. చెప్పాలనుకుంటే వాడే చెప్తాడులే అనుకుని ఊరుకున్నాను. ఆరేళ్ళు ఊరుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. నాకు చదువు లేదు గానీ తెలివి లేకపోలేదు. గేటాయన చేత పాఠం అప్పజెప్పించినవాడు, ఇంజనీరుని నిలబెట్టి ‘ఎడమంటే ఎటు’ అని అడిగినవాడు, చెయ్యి ఊపితే ‘నీకా కాకికా’ అన్నవాడు, ఎవరికీ చెప్పకుండా నీళ్ళలోకి దిగాడా? మీ ఉత్తరమంతా ఒక మనిషి రాశాడు, చివరి రెండు వాక్యాలు వేరే మనిషి రాశాడు. ఆ రెండో మనిషితో నాకు పని లేదు. నా అన్నయ్యని రాయమనండి.

ఆ రోజు ఏం జరిగింది?

మీ చెల్లెలు.


ఆనకట్ట క్వార్టర్సు,
తారీకు వెయ్యబుద్ధి కావడం లేదు.

చెల్లెమ్మా,

రాస్తున్నాను. చదివాక మళ్ళీ అన్నయ్యా అని రాయకపోయినా నేనేం అనుకోను.

ఆ రోజు పొద్దున పని సవ్యంగానే అయింది. నేను నడిచి వెళ్ళి గేటు గదిలో చెప్పాను. ఆయన అప్పజెప్పి పిడి ఇచ్చాడు. వాడు దిగాడు, రెండు గంటలు గోడ చదివాడు, పైకొచ్చాడు. పిడి వాడే తీసుకెళ్ళి గేటు గదిలో ఇచ్చొచ్చాడు. పని అయిపోయింది. ఒళ్ళు తుడుచుకుని, బొమ్మ వేస్తూ వేస్తూ ఆగిపోయాడు. “మావయ్యా, ఒకచోట అనుమానంగా ఉంది. రెండు బీటలా, ఒకటే వంకర తిరిగిందా? తప్పు రాయకూడదు కదా. ఐదు నిమిషాలు దిగొస్తా” అన్నాడు.

మళ్ళీ రెండొందల నలభై అడుగులు. నా మోకాలు ఆ వారమంతా నొప్పిగా ఉంది. ఇది సాకు కాదు, జరిగింది చెప్తున్నాను. ఇంజనీరు కాస్త దూరంలో ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఉన్నాడు. మా మాటలు ఆయనకి వినపడే ఉంటాయి, గేటు గదికే ఫోన్ చేస్తున్నాడు అనుకున్నాను.

వాడు అడిగాడు చెల్లెమ్మా. నడుముకి తాడు బిగించుకుంటూ అడిగాడు. “గేటు గదికి చెప్పారా?”

“ఆఁ, సారు చెప్తున్నారు.”

“మళ్ళీ చెప్పాడా ఆయన?”

“దిగరా బాబూ, ఐదు నిమిషాల పనికి ఎన్ని ప్రశ్నలు!” అన్నాను.

వాడు నవ్వాడు. నా మాట మీద దిగాడు.

ఇంజనీరు మాట్లాడుతున్నది సిమెంటు లారీ వాళ్ళతో. ‘మళ్ళీ దిగుతున్నారు కదా, తాడాయన చెప్పే ఉంటాడులే’ అనుకున్నాడట. పొడుగాయన అని ఇంకో డైవరు ఉన్నాడు, ఎప్పుడైనా అవసరమైతే దిగడానికి సిద్ధంగా గట్టు మీద ఉంటాడు. వాడూ ‘వీళ్ళిద్దరిలో ఒకరు చెప్పే ఉంటారులే’ అనుకున్నాడు. గేటాయనకి కిందికి నీళ్ళు వదలాల్సిన వేళయింది. పిడి ఆయన గదిలోనే ఉంది. తిప్పాడు.

గేటు జానెడు తెరుచుకుంటే చాలు, నీళ్ళు మనిషిని అటు లాక్కుంటాయి. ఎంతమంది పట్టి లాగినా తాడు రాలేదు. ఇంజనీరు చెప్పులు వదిలేసి గేటు గదికి పరుగెత్తాడు. గేటు తిరిగి మూతపడేసరికి పన్నెండు నిమిషాలు పట్టింది.

తర్వాత ఆఫీసులో కాగితం చదివారు. ఇలా రాస్తే ఎవరి ఉద్యోగానికీ ఇబ్బంది ఉండదు, పోయినవాడికి ఇంకేం పోతుంది అన్నారు. నేను సంతకం పెట్టాను. పోయినవాడికి అమ్మ ఉందన్న సంగతి ఆ క్షణాన నాకు తట్టలేదు.

మీ పెంపకంలో తప్పు లేదు. వాడు చెప్పాడు. అడిగాడు. రెండుసార్లు అడిగాడు.

తాడు పట్టిన మనిషి.


లాండ్రీ,
గురువారం.

చదివాను.

మూడు వారాలు ఈ కాగితం ముందు కూర్చుని లేస్తున్నాను. మొదట మిమ్మల్ని తిట్టి నాలుగు పేజీలు రాశాను. పొయ్యిలో పెట్టాను. నోరా, వీపుకు తేకే అంటారు, మీ నోరు నా బిడ్డ మెడకి తెచ్చింది. ఇది మాత్రం చింపను. ఉండనీండి.

మా జతగత్తెకి కూడా చెప్పుకోలేదు. దుప్పటి పట్టుకుంటే నా చేతులే చెప్పేశాయి. ఆవిడ తన కొస వదిలేసి వచ్చి నన్ను పట్టుకుంది. పదహారేళ్ళలో దుప్పటి నేల మీద పడటం అదే మొదలు.

మీ ఉద్యోగాలతో నాకు పని లేదు. ఎవరి అన్నం మీదా నాకు కన్ను లేదు. కానీ ఆ కాగితంలో ‘ఎవరికీ తెలియజేయకుండా’ అన్న మాట ఉంది. అది ఉన్నంతకాలం నా కొడుకు రోజూ చస్తాడు. నాకు చెప్పినట్టే వెళ్ళి వాళ్ళకి చెప్పండి. ఉత్తరంలో కాదు, నిలబడి, నోటితో చెప్పండి. అందరూ వినేటట్టు.

ఇంకొకటి. తాడు మీ చేతిలో ఉంది కదా ఆ పన్నెండు నిమిషాలూ. అందులో వాడు ఏమన్నా చెప్పాడా? మీరు దాని గురించి ఒక్క ముక్క రాయలేదు. దాస్తున్నారని నాకు తెలుసు.


ఆనకట్ట క్వార్టర్సు,
శనివారం.

అమ్మా,

చెప్పాను.

పొడుగు బల్ల, అటువైపు ఐదుగురు పెద్దవాళ్ళు. పాత కాగితం నా ముందుకి తోసి, “ఇది నీ సంతకమేనా?” అన్నారు. “సంతకం నాదేనయ్యా, మాట నాది కాదు” అన్నాను. “అంటే?” “డైవరు అడిగాడయ్యా. నేను తప్పు జవాబిచ్చాను.” అంటూ మొదలుపెట్టి మోకాలి నొప్పి దగ్గర్నుంచి అంతా చెప్పాను. నా గొంతు నాకే వేరే ఎవరిదో అనిపించింది. నేను ఆపగానే ఇంజనీరు లేచాడు. లేవక్కర్లేదు, ఆయన్ని ఎవరూ అడగలేదు. “నేను ఫోన్ చెయ్యలేదు. ఆయన చెప్పే ఉంటాడులే అనుకున్నాను” అన్నాడు. తర్వాత పొడుగాయన లేచాడు. ఆ మాటే అన్నాడు. బల్లకి అటువైపున్న పెద్దాయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, “అందరూ ఒకటే అనుకున్నారన్నమాట” అన్నాడు. అంతే. కొత్త కాగితం ఈ కవర్లో ఉంది. ‘డైవరు గేటు గదికి తెలియజేశారా అని రెండు పర్యాయాలు విచారించెను. అతనికి తప్పుడు సమాధానము ఇవ్వబడినది’ అని ఉంది. ఈసారి సదరు అని రాయలేదు, పేరు రాశారు.

ఇప్పుడు తాడు సంగతి.

దాచాను, నిజమే. మీకు చెప్పకూడదని కాదు. చెప్పడానికి నేను సరిపోనని.

నాలుగేళ్ళ క్రితం మేం గుర్తులన్నీ కూర్చుని సరిచూసుకుంటుంటే మీవాడు కొత్తది ఒకటి కావాలన్నాడు. మూడు లాగి, ఆగి, మళ్ళీ మూడు లాగితే ‘నా కోసం ఇంకెవర్నీ దించొద్దు’ అని. మేమంతా పగలబడి నవ్వాం. “కాపాడ్డానికి వచ్చేవాణ్ణి వద్దనే వెర్రివాడు ఎవడ్రా?” అన్నాడు పొడుగాయన. మీవాడు నవ్వలేదు. “అనాల్సి వచ్చిననాడు మాట లేకపోతే ఎలా అన్నా?” అన్నాడు. సరేనని రాసి పెట్టుకున్నాం. ఎవరం ఎప్పుడూ వాడలేదు.

ఆ రోజు తాడు బిర్రుగా అయిపోగానే పొడుగాయన సిలిండరు తగిలించుకున్నాడు. ఒక కాలు నీళ్ళలో పెట్టేశాడు. అప్పుడు నా చేతిలో తాడు కదిలింది. మూడు. ఆగింది. మూడు.

నాకు అర్థం కాలేదనుకున్నాను. కాదు, అర్థం కాకూడదనుకున్నాను. మళ్ళీ వచ్చింది. తొందర లేదమ్మా ఆ లాగుల్లో. బడిలో పంతులు నిదానంగా చెప్పినట్టు, నాలాంటి మొద్దుకి కూడా తెలిసేటట్టు. మూడు. ఆగి. మూడు.

వాడికి నీళ్ళ సంగతి తెలుసు. ఆ గేటు నోటి దగ్గరికి ఎవడు వెళ్ళినా వాడి పక్కకే చేరతాడు. పొడుగాయనకి ఇద్దరు ఆడపిల్లలు. మీవాడు అడుగున, ఒంటరిగా, ఊపిరి ఎంత మిగిలిందో తెలిసీ, పైనున్నవాడి గురించి చెప్తున్నాడు.

నేను పొడుగాయన చొక్కా పట్టుకుని వెనక్కి లాగేశాను. వాడు నన్ను కొట్టాడు. పెదవి చిట్లింది. అయినా వదల్లేదు. ఆ తర్వాత... వచ్చిన మాట తిరిగి చెప్పాలి కదమ్మా. మా నియమం కదా అది. కింద మీవాడు ఎదురుచూస్తున్నాడు. ‘విన్నానురా, ఎవర్నీ దించను’ అని నేను చెప్పాలి. నా చేతులతో నేను చెప్పాలి. నలభై ఏళ్ళలో ఎన్ని వేలసార్లు తాడు లాగానో. అంత బరువు ఎప్పుడూ లేదు. లాగాను. మూడు. ఆగి. మూడు.

కాసేపటికి కింద నుంచి ఒక్కటి వచ్చింది.

ఒక్కటంటే ఏంటో మీకు రాశాను.

అంతేనమ్మా. ఆ తర్వాత రాలేదు.

ఈ మధ్యే పొడుగాయన చిన్నపిల్లని బడిలో వేశారు. వాడు పొద్దున్నే దాన్ని చెయ్యి పట్టుకుని గట్టు మీదుగా తీసుకెళ్తుంటే నేను ఎక్కడున్నా లేచి నిలబడతాను. ఎందుకో చెప్పలేను.

నేను తాడు పని మానేశాను. స్టోరులో చేతొడుగులు ఇస్తున్నాను. గేటాయన ఆ రోజు నుంచి మనుషులతో మాట్లాడటం లేదు. సెలవు పెట్టి ఇంట్లోనే ఉంటున్నాడు. మేం ముగ్గురం పోయినా తలుపు తియ్యలేదు. వచ్చే వారం నేను మా అమ్మాయి దగ్గరికి వెళ్ళి నాలుగు రోజులుండి వస్తాను.

తాడు పట్టిన మనిషి.


లాండ్రీ వెనక గది,
మంగళవారం.

అన్నయ్యా,

క్షమించానని రాద్దామని కూర్చుంటే చెయ్యి రావడం లేదు. వచ్చిననాడు రాస్తాను. కానీ ‘అన్నయ్యా’ అని రాయడానికి మాత్రం వచ్చింది. ప్రస్తుతానికి దీంతో సర్దుకోండి.

మీరు ఊళ్ళో లేని రోజులు చూసుకుని నేను మీ ఆనకట్టకి వచ్చి వెళ్ళాను. మీ మొహం చూసే ధైర్యం ఇంకా లేదు. పొడుగాయన నన్ను బస్సు దగ్గర్నుంచి తీసుకెళ్ళాడు. నా సంచీ నన్ను మొయ్యనివ్వలేదు, దారంతా తనే మోశాడు. ఇంటికి తీసుకెళ్తే ఆయన చిన్నపిల్ల వచ్చి “నువ్వెవరు?” అంది. దాని తల నిమిరాను. దాని జుట్టు, దాని చెవులు, ఊడిన ముందు పన్ను, అన్నీ చూశాను. మీరు ఎందుకు లేచి నిలబడతారో మీకు తెలియదన్నారు. నాకు తెలిసింది.

గట్టు మీద నిలబడి నీళ్ళు చూశాను. అంత నీటిని నేనెప్పుడూ చూడలేదన్నయ్యా. చప్పుడు లేదు. అంత పెద్దది అంత ఊరకే ఉంటే భయం కాదు, దండం పెట్టాలనిపించింది. దాని అడుగున నా మౌనస్వామి గోడని చదివాడు. వాడు ఇంట్లో ఎందుకు మాట్లాడేవాడు కాదో నాకు అప్పుడు అనిపించింది. రోజంతా ఒక్కొక్క మాటా తూచి, ఇచ్చి, తిరిగి పుచ్చుకుని, అలిసిపోయి వచ్చేవాడేమో. మనలా ఊసుపోక మాట్లాడటం వాడికి చేతకాలేదేమో.

తర్వాత గేటాయన ఇంటికి వెళ్ళాను. పొడుగాయన వద్దన్నాడు. నేను వినలేదు.

ఆయన భార్య తలుపు తీసింది. నేనెవరో చెప్పగానే మొహం పాలిపోయింది. “ఆయన్నేం అనకండి వదినా, ఇప్పటికే మనిషి మనిషిలా లేడు” అంది. అనడానికి రాలేదమ్మా అన్నాను. లోపలికి రానిచ్చింది, కానీ ఆ మొహం చూస్తూ కూర్చోలేక ఉతికిన బట్టలు ఆరేసే వంకతో పెరట్లోకి వెళ్ళిపోయింది.

ఆయన కుర్చీలో గోడవైపు తిరిగి కూర్చున్నాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు, ఎవరికీ కనపడకూడదన్నట్టు. నేను నేల మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను.

“నాయనా, ఆ రోజు నీకు ఎవరూ చెప్పలేదు. మనిషి నీళ్ళలో ఉన్నాడని చెప్పాల్సినవాళ్ళు ముగ్గురున్నారు. ముగ్గురూ చెప్పలేదు. నువ్వు నీ పని చేశావు. ఈ మాట ఆ ముగ్గురూ పెద్దవాళ్ళ ముందు నిలబడి ఒప్పుకున్నారు. కాగితం తెచ్చాను, కావాలంటే చూడు.”

కదల్లేదు. కాగితం ఆయన ఒళ్ళో పెట్టాను. చూడలేదు. ఇంక తాడు సంగతి చెప్పాను. మూడు, ఆగి మూడు. మీరు తిరిగి లాగడం. చివరి ఒక్కటి. ఎవరికీ చెప్పలేనేమో అనుకున్నదాన్ని, ముత్యాల్లా చెప్పాను. వాడే నా చేత చెప్పించాడు.

అంతా విన్నాక ఆయన చేతులు తొడల కింద నుంచి బయటికి తీశాడు.

“పని అయ్యాక మీవాడు రోజూ నా గదికొచ్చి ‘మనిషి బయటికొచ్చాడు’ అనేవాడమ్మా” అన్నాడు. “నేనూ తిరిగి అనేవాణ్ణి. ఆ రోజు కూడా అన్నాడు. పిడి ఇచ్చి, ‘అన్నా, ఈపూటకి నీ పాఠం అయిపోయింది’ అని నవ్వి వెళ్ళాడు. తర్వాత కిటికీలోంచి చూస్తే తాడాయన ఇంకా గట్టు మీదే ఉన్నాడు. చేతిలో తాడుందో లేదో కనపడలేదు. ఎందుకైనా మంచిదని ఫోన్ మీద చెయ్యి వేశాను. మళ్ళీ తీసేశాను. ఎవరైనా దిగి ఉంటే చెప్పే ఉండేవారులే అనుకున్నాను.”

ఆయన నాలుగో మనిషి. మరి నేను? ఆ ముడతల అరచేతుల్ని చూసి ఆరేళ్ళు నోరు మూసుకున్నదాన్ని కదా నేను. “అదే మాట నేనూ అనుకున్నాను నాయనా” అన్నాను. “నా కొడుకుతో.”

ఆయన నావైపు తిరిగాడు. ఇక ఆగలేదన్నయ్యా. వాడు ఎలా నవ్వేవాడు, మొదటి రోజు తనని ఎలా నిలబెట్టాడు, ఎన్ని తిట్టినా ఎలా కదిలేవాడు కాదు, వాన పడితే గొడుగు లేకుండా రెండొందల నలభై అడుగులూ తడుస్తూ వచ్చి చెప్పి వెళ్ళేవాడని, ఒకటి కాదు. ఏడుస్తాడు, చెప్తాడు, మళ్ళీ ఏడుస్తాడు. నా కొడుకు అంత మాట్లాడేవాడని నేను పరాయి ఇంట్లో నేల మీద కూర్చుని విన్నాను. ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. నాకు కదలబుద్ధి కాలేదు.

వెనక్కి తిరిగి చూస్తే ఆయన భార్య పెరటి తలుపు దగ్గర నిలబడి ఉంది. భుజం మీద తడిబట్ట నీళ్ళు కారుతోంది.

“ఈ గొంతు విని నాలుగు నెలలైంది వదినా” అంది. “ఏమడిగారు మీరు?”

“ఏమీ అడగలేదమ్మా” అన్నాను. “చెప్పాను, అంతే.”

మీ చెల్లెలు.